బావ కుడిచేతి వైపు

క్లబ్ క్వార్టర్స్, మూడో అంతస్తు, లిఫ్టు పక్క గది

అక్కా,

చేరాను. ఇది ఎన్నో ఫుట్‌బాల్ క్లబ్బని అడక్కు. బావకి అస్సలు చెప్పకు, వేళ్ళు మడవడం మొదలుపెడతాడు. గది బాగానే ఉంది. కిటికీ తీస్తే టైర్ల కొట్టు వాసన, మూస్తే ఉక్క. మంచం నాకంటే జానెడు పొట్టి. పోయినేడాది రేవు పక్కన ఉన్న గదిలో మంచం పొడుగే గాని దుప్పటి పొట్టి. అంతకుముందు క్లబ్బయితే సీజను మధ్యలో మూతపడి సామానంతా వేలం వేశారు. బెంచీలు పోయాయి, బంతులు పోయాయి, నేనొక్కణ్ణే మిగిలాను. నన్నెవరూ పాడుకోలేదు.

ఇక్కడివాళ్ళు వచ్చిన రోజే నాకు 'సూట్‌కేసు' అని పేరు పెట్టేశారు. నవ్వి ఊరుకున్నాను. నిజంగానే సగం సామాను విప్పలేదు, విప్పితే మళ్ళీ సర్దాలి కదా.

"ఫోన్లో బాగున్నా, తిన్నా అని పెట్టేస్తావు, కాగితం మీద రాయి, నీ అక్షరం వంకర చూసి నీ సంగతి నేనే తెలుసుకుంటా" అన్నావుగా, అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది మంచం తప్పు. మోకాలు బాగుంది.

అసలు సంగతి విను. ఇన్నేళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, ఈసారి మన ఊరి క్లబ్బు ఆడే లీగులోనే పడ్డాను. సీజను చివరి మ్యాచ్ మన గ్రౌండులోనే. బావ గోల్లో, నేను ఎదురుగా. నిజం మ్యాచ్‌లో ఇదే మొదటిసారి. బావకి చెప్పు, అప్పటిదాకా కీళ్ళకి నూనె రాసుకుంటూ ఉండమను.

నీ
చిన్నోడు

*

ఉతుకుగది, స్టేడియం మెట్ల కింద

ఒరేయ్ చిన్నోడా,

ఉత్తరమంతా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క 'మోకాలు' దగ్గరే కలం తడబడింది. నా దగ్గరా నీ వేషాలు? వెళ్ళి చూపించుకో.

ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "మీ తమ్ముడు గోల్‌కీపర్లకంటే లాడ్జి గుమాస్తాలకే ఎక్కువ తెలుసే" అన్నారు. ఆ తర్వాత చివరి మ్యాచ్ సంగతి వినగానే చూడాలి ఆ మొహం! "రానీ. వాడి పెనాల్టీలు నాకు కొత్తా?" అని చేతులు రుద్దుకున్నారు. మీ ఇద్దరికీ ఇప్పటికీ ఆ వెనకసందే లోకం. తుప్పు పట్టిన డ్రమ్ములు రెండు గోల్‌పోస్టులు, నువ్వు కొట్టడం, ఆయన పట్టడం. నీకు పెనాల్టీలు నేర్పే వంకతో మన గుమ్మం తొక్కి, ఆ మహానుభావుడు అసలు గోలు నాకు వేశారు.

"భయం వేస్తే వాడు నా కుడిచేతి వైపే కొడతాడు, ఇది ఇంకెవరికీ చెప్పకు" అని నాతో ఎన్నిసార్లు అన్నారో. దేశ రహస్యమనుకో.

ఇక నవ్వు ఆపి చదువు. ఇక్కడ ఏం బాగోలేదు. మన క్లబ్బు పట్టికలో అడుగున వేలాడుతోంది. కింది లీగులోకి జారిపోతే సగంమందిని ఇళ్ళకి పంపేస్తారని అంటున్నారు. నేను పనిచేసే ఈ ఉతుకుగది కూడా ఎత్తేసి బట్టలు బయట ఉతికిస్తారట. మీ బావకి ఈ ఏడాదే ఆఖరు, ఆయన వయసుకి గోల్లో నిలబెట్టేవాళ్ళు లేరు. అయితే క్లబ్బు ఈ లీగులో నిలిస్తే గోల్‌కీపర్లకి కోచ్‌గా ఉంచుకుంటామని సెక్రటరీ మాట ఇచ్చాడు. నిలవకపోతే ఆ మాటా లేదు. ఇది నీకు రాశానని తెలిస్తే నన్ను బతకనివ్వరు. "వాడి కాళ్ళకి సంకెళ్ళు వెయ్యకు" అంటారు. తెలియనట్టే ఉండు.

తిండి సరిగ్గా తిను.

అక్క

*

క్లబ్ క్వార్టర్స్, అదే గది

అక్కా,

ఆలస్యమైంది, తిట్టు. మొదలుపెట్టడం, చింపడం, ఇదే పని.

నువ్వే గెలిచావు, మోకాలు బాగోలేదు. పొద్దున్నే మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటున్నాను. మైదానంలోకి దిగాక మాత్రం ఎవరికీ తెలియనివ్వను. ఈ వయసులో ఫార్వర్డుకి పరుగుకంటే నటన ఎక్కువ అవసరం.

ఇంకో సంగతి. నా కాంట్రాక్టులో ఒక షరతు ఉంది. సీజను అయ్యేలోపు అనుకున్నన్ని గోల్స్ వేస్తే మరో ఏడాది వాళ్ళు నన్ను ఉంచుకుని తీరాలి. వెయ్యకపోతే సూట్‌కేసు మూసుకోవడమే. ఈ మోకాలు చూశాక ఇంకే క్లబ్బూ తలుపు తీయదు. ఇంకొక్క గోల్ తక్కువైంది. మిగిలింది మన మ్యాచ్ ఒక్కటే.

చూశావా ఎక్కడ ఇరుక్కున్నానో? ఆ గోల్ వేస్తే మీ కొంపకి నిప్పు పెట్టి నేను చలి కాచుకున్నట్టు. వెయ్యకపోతే నా పని అయిపోయినట్టు. ఆట ఆగిపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదక్కా. ఇన్ని ఊళ్ళు తిరిగాను, ఎక్కడా నాలుగు గిన్నెలు కొనుక్కోలేదు. భాష రాని ఊళ్ళో 'ఆకలి', 'ఆఫ్‌సైడ్' అనే రెండు మాటలతో ఏడాది గడిపాను. పాత క్లబ్బు మీద గోల్ వేస్తే సంబరం చేసుకోకూడదని మాలో ఒక పద్ధతి. నాకు ఎటు చూసినా పాత క్లబ్బే. అలా మొహం దించుకుని నడవడమే అలవాటైపోయింది, గోల్ వేసి ఎగిరి ఎన్నాళ్ళయిందో.

ఇది బావకి మాత్రం చెప్పకు. ఆయన నాకోసం ఏమైనా చేస్తాడు, అదే నా భయం. ఒట్టు వెయ్యి.

చిన్నోడు

*

ఉతుకుగది

చిన్నోడా,

ఒట్టు. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. ఎందుకు చెప్తాను?

నువ్వేం మనసులో పెట్టుకోకు. ఆట ఆటే. మీ బావ ఆట ఆయన ఆడతారు, నీ ఆట నువ్వు ఆడు. ఇక్కడంతా బాగానే ఉంది. యంత్రం ఒకటి నీళ్ళు కారుతోంది, అంతకుమించి విశేషాల్లేవు. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టు.

వచ్చిన రోజు ఇంటికొచ్చి వెళ్ళు, గెలిచినా ఓడినా.

అక్క

*

దారిలో, పెట్రోలు బంకు పక్క హోటలు

అక్కా,

ఇంటికి రాకుండానే బస్సెక్కేశాను. ఏ మొహం పెట్టుకుని రాను? టీంవాళ్ళంతా లోపల పాటలు పాడుతున్నారు, నేను బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. వాళ్ళు పాడుతోంది నా పేరే.

నువ్వు స్టాండులో ఉన్నావు, చూశావు. కానీ నువ్వు చూసింది వేరు, జరిగింది వేరు.

సున్నా సున్నా. అలా ముగిస్తే చాలు, మీరు నిలిచినట్టే. ఆఖర్లో మీ డిఫెండరు మావాణ్ణి కాలడ్డం పెట్టి పడేశాడు, పెనాల్టీ. బెంచీ మీంచి కోచ్ నావైపే వేలు చూపించాడు. మోకాలని చెప్పి తప్పుకోవచ్చు. కానీ నేను తప్పుకుంటే ఇంకొకడు కొడతాడు, వాడు గోల్ వేస్తాడు. అదే నేను కొడితే బావ చేతికి ఇవ్వొచ్చు. ఇదీ నా లెక్క. బంతిని గుర్తు మీద పెట్టేలోపే నిర్ణయించేసుకున్నాను. నా గోల్ పోతే పోయింది, సూట్‌కేసు మూసుకుంటాను.

బావ కుడిచేతి వైపే కొట్టానక్కా. నడుమెత్తున, మెత్తగా, వెనకసందులో కొట్టినట్టు. నిద్రలో కూడా పట్టేస్తాడు అది. మరి బావ ఎడమకి దూకాడు! ఇన్నేళ్ళలో నేనలా కొట్టిన బంతికి అటు ఎప్పుడైనా వెళ్ళాడా? బంతి తాపీగా లోపలికి దొర్లుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. పరిగెత్తుకెళ్ళి ఆపేద్దామనిపించింది.

పేపరువాళ్ళు అప్పుడే ఫోన్లలో రాసేశారు, శిష్యుడు గురువుని బోల్తా కొట్టించాడట. తల పట్టుకుని నిలబడితే పాత క్లబ్బు మీద గౌరవమట. గౌరవమా నా బొందా. నా కాళ్ళు నరుక్కుందామనిపించి పట్టుకున్నాను.

బావ ఎందుకు అటు దూకాడు? ఆయన్ని కూడా మోసం చేస్తానని అనుకున్నాడా? అదొక్కటి కనుక్కుని రాయి. నేను తెలిసి బంతి ఇచ్చానని మాత్రం చెప్పకు.

చిన్నోడు

*

ఉతుకుగది, ఆఖరి వారం

తమ్ముడూ,

ఇంక దాచలేను. నీ ఉత్తరం మీ బావ చేతిలో పెట్టేశాను. తిట్టుకుంటే తిట్టుకో. ఈసారి తెలిసే చేశాను.

ముందుసారి తెలియక చేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనేదా? పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలిసే నన్ను ఒట్టు వెయ్యమన్నావు. నేను ఆ ఒట్టు రాసేనాటికే మీ బావకి చెప్పేశాను. మోకాలి సంగతి, ఒక్క గోల్ సంగతి, అంతా. అప్పుడాయన బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. విని "ఊఁ" అన్నారు, అంతే. ఏమీ అనలేదు కదా, పర్వాలేదులే అనుకున్నాను. నీకేమో ఆయన ఉద్యోగం సంగతి రాశాను. ఆయనకేమో నీ గోల్ సంగతి చెప్పాను. ఇద్దరికీ మంచి చేస్తున్నాననుకున్నానురా. ఆయన ఎడమకి దూకగానే నాకు ప్రాణం ఉస్సూరుమంది. స్టాండులో అందరూ నిన్ను తిడుతున్నారు, నాకు మాత్రం అందరూ నన్నే తిడుతున్నట్టుంది.

మీ బావని వచ్చే నెల నుంచి రావద్దన్నారు. డిఫెండర్లలో ఇద్దరికీ అదే మాట. కాలడ్డం పెట్టినవాడైతే తనవల్లే క్లబ్బు పోయిందని వీధిలోకి రావడం మానేశాడు. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఆవిడకి నేనేం చెప్పను? మా ఇంట్లో ప్రేమలెక్కువై మీవాడి కొంప ముంచామని చెప్పనా?

నన్ను క్షమించు.

అక్క

*

ఇంట్లో, మీ అక్క కుట్టుమిషను మీద

ఒరేయ్ బావమరిదీ,

నేను ఉత్తరాలు రాసే రకం కాదు. గోల్‌కీపరు చేతులివి, కలం పట్టుకుంటే జారుతోంది.

మీ అక్క నా త్యాగం గురించి కథలు చెప్తోంది, నమ్మకు. తన తప్పే అంటోంది, అదీ నమ్మకు. నీ గోల్ సంగతి విన్నాను, నిజమే. కానీ వదిలేద్దామని గోల్లో నిలబడలేదు. ఆ రోజంతా ఒళ్ళు దాచుకోకుండా ఆడాను. పెనాల్టీ ఇచ్చాక కూడా ఆపాలనే అనుకున్నాను.

తర్వాత నువ్వు పరిగెత్తుకొస్తుంటే నీ మొహం చూశాను. నిజంగా కొట్టేటప్పుడు నువ్వు పళ్ళు కొరుకుతావు. అది నీకే తెలీదు. ఆ రోజు పళ్ళు కొరకలేదు. వీడు నాకు బిచ్చం వేస్తున్నాడని అర్థమైపోయింది. కుడివైపు ఊరికే చెయ్యి చాపితే చాలు, క్లబ్బు నిలిచేది, ఆ కుర్రాళ్ళ ఉద్యోగాలు నిలిచేవి. నా ఒళ్ళు మండిపోయింది. నేను డ్రమ్ముల మధ్య నిలబెట్టి నేర్పిన పిల్లాడు నాకు బంతి దానం చేస్తాడా? నీ గోల్ నువ్వే ఉంచుకో అని ఎడమకి దూకాను. నీ మోకాలి మీద ప్రేమ కొంత, నా రోషం ఎక్కువ. రెప్పపాటు రోషానికి ఊరంతటినీ కిందికి తోశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

కడుక్కుందామని సెక్రటరీ దగ్గరికెళ్ళాను. "కావాలనే వదిలేశానండీ" అన్నాను. ఆయన నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, "పెద్దవాళ్ళు మీరు, బాధపడకండి. వాడు మిమ్మల్ని శుభ్రంగా బోల్తా కొట్టించాడు, అందరం చూశాం. బావమరిది కదా అని పరువు కాపాడుకోవడానికి ఇలా చెప్పక్కర్లేదు" అన్నాడు. ఆ డిఫెండరు ఇంటికీ వెళ్ళాను. "నన్ను ఓదార్చడానికి అబద్ధమాడుతున్నారు" అని వాడు నా కాళ్ళ మీద పడ్డాడు. నిజం చెప్పినందుకు కాళ్ళకి దణ్ణం పెట్టించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంక నాకు తెలిసిన దారి ఒకటే. నెలాఖరుకి గ్రౌండుకి తాళం వేస్తారు, గడ్డి మార్చడానికి. దానిలోపు రా. అదే గోలు, అదే గుర్తు. సరిగ్గా కొట్టు. మీ అక్క రాకూడదు, మనిద్దరమే.

బావ

*

క్లబ్ క్వార్టర్స్

బావా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు కోపంగా ఉన్నాను. నీ మీదో నా మీదో తేలలేదు.

నేనూ చెప్పానులే. మా కోచ్ దగ్గరికెళ్ళి, "ఆయన పట్టుకోవాలనే కొట్టాను" అన్నాను. పగలబడి నవ్వాడు. అందరినీ పిలిచి, "చూడండి, సూట్‌కేసు ఎంత వినయంగా మాట్లాడుతున్నాడో" అన్నాడు. ఏడాది పొడిగించే కాగితం బల్ల మీద పెట్టాడు. ఇంకా సంతకం పెట్టలేదు, ముందు నీ దగ్గరికొస్తాను.

శనివారం పొద్దున బస్సుకి దిగుతాను. పళ్ళ సంగతి ఎందుకు చెప్పావు? ఇప్పుడు బ్రష్ చేసుకుంటున్నా అదే గుర్తొస్తోంది.

నీ బావమరిది

*

ఇంట్లో

తమ్ముడూ,

వచ్చావు, ఇంటి గడప తొక్కకుండానే వెళ్ళిపోయావు. బస్టాండులోనే ఉన్నావని గ్రౌండు కాపలా ఆయన చెప్పాడు, ఆయన చేతే ఇది పంపుతున్నాను. దానికి తర్వాత తిడతాను.

ముందు అక్కడేం జరిగిందో చెప్పు. మీ బావ మధ్యాహ్నం ఇంటికొచ్చారు. గ్లవ్స్ బల్ల మీద పెట్టారు. నవ్వలేదు, ఏడవలేదు. "పట్టారా, వదిలారా?" అని అడిగితే "వాణ్ణే అడుగు" అన్నారు. గ్లవ్స్ ఉతుకుదామని తీస్తే ఒద్దని లాక్కున్నారు. నేను ఉతికి ఆరేసినవే ఇన్నేళ్ళూ తొడుక్కున్న మనిషి. నాకు భయమేస్తోందిరా. ఇద్దరూ కొట్టుకున్నారా? నాతో మాట్లాడకపోయినా సరే, ఇది ఒక్కటి రాయి. ఇదంతా నా నోటి వల్లే మొదలైంది, ఎలా ముగిసిందో నాకు తెలియాలి.

అక్క

*

బస్టాండు బెంచీ మీద, సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని

అక్కా,

కొట్టుకోలేదు. కొట్టుకున్నా బాగుండేది.

గ్రౌండులో ఎవరూ లేరు. కాపలా ఆయన బావని చూసి గేటు తీసి, టీకి వెళ్ళాడు. గడ్డి సగం పెళ్ళగించారు, గోలుకి వల కూడా విప్పేశారు. ఒట్టి స్తంభాలు. డ్రమ్ముల్లాగే ఉన్నాయి. బావ గ్లవ్స్ తొడుక్కుని గీత మీద నిలబడి, "ఈసారి బిచ్చం వేస్తే బంతితో కాదు, నీతో ఆడతా" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఒకటే కొట్టాలనుకున్నాం. మంచివాణ్ణనిపించుకోవాలని లేదు, గోల్ అవసరం లేదు, ఎవరూ చూడట్లేదు. ఈ మనిషిని ఓడించాలి, అంతే. పుట్టి బుద్ధెరిగాక అలా ఎప్పుడూ కొట్టలేదు. మోకాలు కలుక్కుమంది, లెక్కచెయ్యలేదు. బావ కుడిచేతి వైపు చూడను కూడా చూడలేదు. ఆయన ఎడమచేతి పైమూలకి, నా దగ్గరున్న బలమంతా పెట్టి కొట్టాను.

పట్టేశాడక్కా.

ఆ వయసులో అలా ఎగిరిన మనిషిని నేనెక్కడా చూడలేదు, ఏ ఊళ్ళోనూ. రెండు చేతులతో పట్టుకుని బంతితో సహా కింద పడి, లేచి, ఖాళీ స్టాండు వైపు తిరిగి కేకేశాడు. వెనకసందులో వేసేవాడే, ఆ కేక. నేనూ ఎగిరాను. ఆయన్ని వాటేసుకున్నాను. "ఎలా తెలిసింది బావా?" అంటే, "భయముంటే కుడి. పళ్ళు కొరికావు, భయం లేదు. అంతే" అన్నాడు. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

నవ్వుతుండగానే ఆయన మొహం మారిపోయింది. "అంటే ఆ రోజు కూడా ఎడమకే…" అని ఆగిపోయాడు. బంతి ఒళ్ళో పెట్టుకుని ఆ గీత మీదే కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. ఓదార్చబోయి మానుకున్నాను. నా జాలితోనే కదా ఇక్కడిదాకా వచ్చాం. ఆ తర్వాత ఇంటికొచ్చి నీ ఎదురుగా కూర్చునే ధైర్యం నాకు చాల్లేదు, బావ కూడా రమ్మనలేదు.

నీ నోటి మీదికి తోసెయ్యకు, నీ తప్పు చిన్నది. నువ్వు రెండు మాటలు చెప్పావు. ఆడాల్సినవాళ్ళం మేము ఆడలేదు.

ఆ కాగితం మీద సంతకం పెట్టను. గోల్ నాది కాదు, ఏడాదీ నాది కాదు. మొదటి బస్సుకి ఆ క్వార్టర్సుకి వెళ్ళి, అక్కడ మిగిలిన సామాను తెచ్చేసుకుంటాను. మీ వీధిలో గది చూడు, మంచం పొడుగ్గా ఉండాలి. వచ్చాక ఆ డిఫెండరు ఇంటికి వెళ్తాను. నమ్మినా నమ్మకపోయినా, నమ్మేదాకా వెళ్తూనే ఉంటాను.

ఉతకడానికి గ్లవ్స్ ఇమ్మని బావని బలవంతపెట్టకు. నాకు అర్థమైంది ఆయనెందుకు ఒద్దన్నాడో, నిజంగా పట్టిన ఆ బంతి మట్టి ఇంకా వాటికుంది. ఆ రోజు నేను బావని ఓడించాలని కొట్టి ఉంటే, బావ గెలిచేవాడు.

చిన్నోడు